పక్క మడిలో వామింట

మా నాన్న పొలంలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, కలుపు తీయడం. నీరు కట్టడం, ఎరువు చల్లడం, కూలీలతో మాట్లాడటం అన్నయ్యలు చూసుకునేవారు. చిన్నవాణ్ణి కాబట్టి నాకు దక్కింది కలుపే. ముప్పై ఐదేళ్లు మిషిగన్‌లో కార్లకి బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యాక కూడా ఆ చేతి దురద పోలేదు. పార్కులో వాకింగ్‌కి వెళితే బెంచీ కింద మొలిచిన గడ్డి పీకుతూ ఉంటాను. మా ఆవిడ నాలుగడుగులు ముందుకెళ్లి, ఈయనెవరో నాకు తెలీదన్నట్టు అటు తిరిగి నిలబడుతుంది.

రెండేళ్ల కిందట ట్రాయ్‌లో మా ఇంటికి దగ్గరున్న కమ్యూనిటీ గార్డెన్‌లో నాకొక మడి దొరికింది. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మా నాన్న చూస్తే అది నారుమడా అని అడిగేవాడు. నాకు మాత్రం జాగీరు దొరికినంత సంబరం. మే నెలాఖర్లో చలి పూర్తిగా పోయాక బెండ, వంగ, దోస, గోంగూర పెట్టాను. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండేవాణ్ణి. జూన్ అయ్యేసరికి నా మడిలో పరాయి మొక్క ఒక్కటి కూడా లేదు. ఇక చెయ్యడానికి పని లేక పక్క మడుల వైపు చూడటం మొదలుపెట్టాను. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

నా పక్క మడి ఒక కెన్యా ఆవిడది. నా కంటే అయిదారేళ్లు చిన్నదై ఉంటుంది. వృద్ధుల్ని చూసుకునే సెంటర్‌లో నర్సు. నేను పొద్దున్న, ఆవిడ డ్యూటీ దిగాక సాయంత్రం వచ్చేవాళ్లం కాబట్టి మేము కలుసుకున్నది రెండు మూడుసార్లే. ఒకసారి నా నీళ్ల గొట్టం చిల్లు పడితే తన గొట్టం వాడుకోమంది. "హలో బ్రదర్" అని నోరారా పలకరించేది. అంతవరకే మా పరిచయం.

జూలై మొదట్లో ఆవిడ రావడం మానేసింది, మడిలో అడుగుజాడలు కూడా లేవు. పది రోజులైంది, పన్నెండు రోజులైంది. ఆ మడిలో మూడు కేల్ ఆకుకూర మొక్కలు, చుట్టూ మోకాలెత్తు వామింట. అరచేతిలా విచ్చుకున్న అయిదేసి ఆకులు, పైన పిల్లి మీసాల్లాంటి తెల్లపూలు. చూడగానే గుర్తుపట్టాను. మా మాగాణి గట్ల మీదా, మిరపచేలలోనూ ఎన్ని వేల వామింట మొక్కలు పీకానో లెక్కలేదు. చెవిపోటు వస్తే రెండు చుక్కలు పసరు పిండుకోవడం తప్ప మా ఊళ్లో దానికి వేరే మర్యాద లేదు. ఇంత దూరం వచ్చినా ఇది నన్ను వదల్లేదే అని నవ్వుకున్నాను.

ఒక పొద్దున్న వెళ్లేసరికి ఆవిడ మడి మూల నారింజ రంగు జెండా గుచ్చి ఉంది. మా గార్డెన్‌లో దానర్థం, వారంలోగా కలుపు తీయకపోతే మడిని మెషీన్‌తో కోసేస్తారని. పాపం, ఎంత ఇబ్బందిలో ఉందో, ఇంత మంచి మనిషి మడి పోతే ఎలా అనుకున్నాను. చేతులు నా మాట వినలేదు. గ్లవ్స్ కూడా వేసుకోకుండా దిగిపోయాను.

రెండున్నర గంటలు పట్టింది. వామింట వేరు లోతుగా దిగుతుంది, మొదలు పట్టుకుని నింపాదిగా లాగాలి. అన్నీ వేళ్లతో సహా లాగాను. లాగిన మొక్క తడి నేల మీద పడితే మళ్లీ బతుకుతుందని మా నాన్న నేర్పిన ప్రకారం తీసుకెళ్లి ఎండలో, కాంక్రీటు బాట మీద పరిచాను. కేల్ మొక్కల మొదట్లో మట్టి ఎగదోశాను. నీళ్లు పెట్టాను. దూరంగా నిలబడి చూస్తే మడి దువ్విన తలలా ఉంది. నా పని నాకే ముద్దొచ్చింది.

మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆవిడకి విస్తరించి చెప్పాను. ఆమె సగం వింటూ మజ్జిగ పోసుకుంటోంది.

"ఏం కలుపండీ?" అంది.

"వామింట. మడి నిండా."

గరిటె ఆగింది. "వామింటా? చెదురుమదురుగా ఉందా, ఒక తీరుగా ఉందా?"

"తీరుగానే ఉంది. నాలుగు వరసలు. డ్రిప్ పైపు ఉంది కదా, ఆ తడికి దాని వెంబడే మొలిచింది," అన్నాను, ఇంజనీరు బుర్రతో.

మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"కలుపు వరసల్లో మొలుస్తుందా అండీ?"

నేను ఎత్తిన ముద్ద కంచంలో దించాను. ఆమె ఊరు కనిగిరి దగ్గర, వానలు లేని మెట్ట. "మా అమ్మమ్మ వామింటాకు పప్పులో వేసేది. వానాకాలం మొదట్లో దానికోసం చేలన్నీ తిరిగేవాళ్లం. మీ మాగాణి వాళ్లకి నీళ్లెక్కువై, తినేదేదో పారేసేదేదో తెలీకుండా పోయింది," అంది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఈ మాగాణి, మెట్ట తగాదాలో నేను గెలిచింది ఎప్పుడూ లేదు. కానీ ఇంత ఘోరంగా ఓడిపోయింది అదే మొదలు.

కంచాలు అలాగే వదిలేసి కార్‌లో వెనక్కి పరిగెత్తాం. జూలై ఎండ, పైగా కాంక్రీటు. నాలుగు గంటల్లో ఆకు అప్పడమైంది. పట్టుకుంటే పొడి రాలుతోంది. కాయలు ఇంకా పిందెలే, లోపల గింజ పాలు కూడా పోసుకోలేదు. మా ఆవిడ ఒక్కో మొక్కా తిరగేసి చూస్తుంటే కెన్యా ఆవిడ కారు వచ్చి ఆగింది.

ఆవిడ ముందు తన మడిని చూసింది, తర్వాత బాట మీద కుప్పని చూసింది, ఆ తర్వాత నా చేతుల్ని. నా గోళ్లలో ఇంకా మట్టి ఉంది. ఆవిడ అరిచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. అరవలేదు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఎండిన రెమ్మ ఒకటి ఒళ్లో పెట్టుకుంది.

"నేనే పీకాను," అన్నాను. "మా దేశంలో ఇది కలుపు. జెండా చూసి, మీ మడి పోతుందని..."

"జెండా అంచు మీద గడ్డి కోసం పెట్టారు," అంది నెమ్మదిగా. "నాకు ఈమెయిల్ వచ్చింది. ఈ రోజు కోద్దామనే వచ్చాను."

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ నా సంగతి. తర్వాత ఆవిడ మిగతాది చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది, చెప్పడమే న్యాయం అని కూడా అనిపించింది. ఆవిడకి ఒక్కతే కూతురు. ఆగస్టు చివర్లో కాన్పు. బీపీ పెరిగిందని డాక్టరు మంచం దిగొద్దన్నారు, అందుకే ఆవిడ ఇన్నాళ్లూ రాలేదు. వాళ్ల వైపు బాలింతకి ఈ ఆకే పెడతారు. ఉడికించి, పాలు పోసి, ఒక రాత్రి ఉంచి, చేదు విరిగాక మర్నాడు వేడి చేసి పెడతారు. రక్తం పడుతుందని, పాలు పడతాయని నమ్మకం. ఆవిడ అలాగే తిన్నది, ఆవిడ తల్లి అలాగే తిన్నది. గింజలు ఆ తల్లి పంపేది, గుడ్డలో ముడి కట్టి. ఆ తల్లి కిందటి చలికాలం పోయింది.

"ఉన్న గింజలన్నీ వేశాను. మూడు వరసలు తినడానికి, ఒక వరస గింజకి," అంది.

నేను మడి అంచున కూర్చున్నాను. సారీ అనే మాట ఎన్నిసార్లు అన్నానో తెలీదు. ఆవిడ లేచి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, "మీరు మంచికే చేశారు బ్రదర్," అని, అంచు మీది గడ్డి కోసుకుని వెళ్లిపోయింది. ఆ చెయ్యి వేయకపోయినా బాగుండేది. ఆ రోజంతా ఆ భుజం బరువుగానే ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఉల్లిపాయలు తరుగుతూ, "నా రెండు కాన్పులకీ మీరేం పెట్టారో గుర్తుందా?" అంది. గుర్తుంది. మొదటిసారి వాళ్లమ్మకి వీసా రాలేదు. రెండోసారి వాళ్లమ్మే లేదు. డబ్బా టొమేటో సూప్, బ్రెడ్. నాకు వచ్చింది అంతే. "మిమ్మల్ని అనడం లేదు. కానీ వెల్లుల్లి కారం, నెయ్యి వేసుకుని ఒక్క ముద్ద తింటే చాలు, లేచి కూర్చుంటాననిపించేది. అడగడానికి మనిషి లేదు. ఆ పిల్లకి అమ్మ ఉంది, వండే చెయ్యి ఉంది, ఆకే లేదు. మీరు తెచ్చి పెట్టాల్సిందే," అంది. ఇన్నేళ్లలో ఆమె ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఉల్లిపాయల వల్ల కాదు, ఇద్దరి కళ్లూ తడిసింది దానికే.

మర్నాడు ఆఫ్రికన్ స్టోర్‌కి వెళ్లాను. ఎండబెట్టిన ఆకు ప్యాకెట్ దొరికింది. తీసుకెళ్లి ఇస్తే కెన్యా ఆవిడ థాంక్స్ చెప్పి కారు వెనక సీట్లో పెట్టుకుంది. ఆ ఎండాకు పచ్చి ఆకుకి సాటి రాదని ఆ పెట్టడంలోనే నాకు అర్థమైంది.

ఇక మన వాట్సాప్ గ్రూపులు. ఊరి గ్రూపు, కాలేజీ గ్రూపు, రిటైరైనవాళ్ల గ్రూపు, అన్నింట్లో పెట్టాను. "వామింట మొక్కలు గానీ పాత గింజలు గానీ అర్జెంటుగా కావాలి." పాతవని ఎందుకన్నానంటే, ఆ ఏడాది గింజ ఆ ఏడాది మొలవదని కెన్యా ఆవిడ చెప్పింది, కొన్ని నెలలు నిద్రపోవాలట. గంటలో నలభై ఫొటోలు వచ్చాయి. ఒకాయన వాము మొక్క పంపాడు. ఇంకొకాయన పసుపుపచ్చ పూల కుక్క వామింట పంపి, ఇదే అసలుదని వాదన పెట్టుకున్నాడు. షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాడు "అంకుల్, ఇది వీడ్ కదా, మీకెందుకు?" అని నవ్వు బొమ్మలు పెట్టాడు. నెల కిందట అయితే నేనూ అవే పెట్టేవాణ్ణి.

నాలుగో రోజు ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. చికాగో దగ్గర నేపర్‌విల్‌లో స్థిరపడిన డాక్టరుగారి భార్య, ఎనభై దగ్గరపడుతున్న మనిషి. మా కాలేజీ గ్రూపులో ఒకరికి పెద్దమ్మ అవుతారట.

"ఏం నాయనా, వామింట కావాలన్నావంట. మా గోంగూర మడి నిండా అదే కదా! ఎప్పుడో మా ఆడబిడ్డ గుంటూరు నుంచి తెచ్చిన గోంగూర గింజల్లో కలిసొచ్చింది. ఏటా పీకీ పీకీ నా నడుం పోతోంది. నువ్వొచ్చి పట్టుకుపోతే నీకు పుణ్యం ఉంటుంది."

"పీకొద్దండీ! దయచేసి ఒక్కటి కూడా పీకొద్దు," అని ఫోన్‌లోనే కేకేశాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని మా నాన్న కలలో కూడా అనుకుని ఉండడు.

ట్రాయ్ నుంచి నేపర్‌విల్‌కి అయిదు గంటల డ్రైవ్. తెల్లవారుతూనే బయల్దేరాం. డిక్కీలో ఖాళీ పెరుగు డబ్బాలు ముప్పై. మన ఇళ్లల్లో వాటికి కరువేముంది! ఆ పెద్దావిడ మాకు పెసరట్లు వేసిపెడుతూ, "అసలు ఎవరికమ్మా ఇది?" అని మా ఆవిడని అడిగారు. మా ఆవిడ అంతా చెప్పింది, నా ఘనకార్యంతో సహా. పెద్దావిడ నవ్వలేదు. స్టవ్ ఆపేసి, చెప్పులు వేసుకుని, "బాలింతకా! పదండి, ఎండెక్కితే వాడిపోతాయి," అని ముందు నడిచారు.

జానెడు ఎత్తు కూడా లేని మొక్కలు గోంగూర నీడన నిలబడి ఉన్నాయి. పీకడం వేరు, పెళ్లగించడం వేరు. వేరు తెగకుండా చుట్టూ మట్టితో సహా తీయాలి. అరవై ఏడేళ్ల వయసులో మోకాళ్ల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక వామింట మొక్కని బతికించడానికి చెయ్యి పెట్టాను. డబ్బాలన్నీ నిండాక ఆవిడ ఇంకో రెండు మొక్కలు కాఫీ కప్పుల్లో పెట్టి తెచ్చారు. దారి పొడుగునా మా ఆవిడ వెనక సీట్లో డబ్బాల మధ్య ఇరుక్కుని నీళ్లు చిలకరిస్తూనే ఉంది. నేను ఏసీ తగ్గిస్తే ఊరుకోలేదు, స్పీడ్ పెంచినా ఊరుకోలేదు.

సాయంత్రం ఆరింటికి గార్డెన్ చేరేసరికి కెన్యా ఆవిడ ఎదురుచూస్తోంది. ముందే ఫోన్ చేశాం. ఒక ఆకు తుంచి, రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"మా అమ్మ గింజ కాదు," అంది. ఇంకోసారి వాసన చూసి, "కానీ ఇదే," అంది.

ముగ్గురం కలిసి నాటాం. సగానికి పైగా వాడి చచ్చిపోయాయి, పధ్నాలుగు బతికాయి. వాళ్లమ్మ గింజల వరస మాత్రం నా చేతుల్లో అంతమైపోయింది. ఎన్ని మొక్కలు తెచ్చినా ఆ తప్పు తప్పే. ఆవిడ దాన్ని ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే, "నీళ్లు పెట్టారా?" అని మాట మార్చేది.

ఆగస్టు మూడోవారంలో, అనుకున్నదాని కంటే కాస్త ముందే, మనవరాలు పుట్టింది. అప్పటికి ఆకు ఒక్క కూరకి సరిపడా ఉంది. మర్నాడు ఆవిడ గార్డెన్‌కి వచ్చి, కొసలు తుంచి సంచిలో వేసుకుని, వెళ్లబోతూ ఆగింది.

"నలభై రోజులు నేను మా అమ్మాయి దగ్గరే ఉండాలి. ఇక్కడికి రావడం కుదరదు. మడి మీరు చూసుకోండి. రెండు రోజులకోసారి ఆకు కోసి ఇంటికి తెచ్చివ్వండి. కలుపు కూడా తీయాలి."

నేను సరిగా విన్నానా అనుకున్నాను. "కలుపు నేనా?" అన్నాను.

"మరి ఎవరు? మీకంటే బాగా తీసేవాళ్లని నేను చూడలేదు," అంది. ఎగతాళి కాదు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను పీకబోయే ప్రతి మొక్కనీ ముందు ఫొటో తీసి పంపాను. గరిక పంపాను, గోళీకూర పంపాను, చిన్న తోటకూర మొలక పంపాను. "ఇది పీకనా?" అని కింద రాసేవాణ్ణి. పిల్లని ఎత్తుకునో, వంట చేస్తూనో ఉండి కూడా ఆవిడ ఒక్కోదానికీ జవాబిచ్చేది. పీకండి. పీకండి. అది ఉంచండి, తింటాం. రోజూ పొద్దున్న నా ఫోన్ అలా మోగుతూనే ఉండేది. మా ఆవిడ, "ఆ బాలింత తల్లిని నిద్రపోనివ్వరా?" అని కసిరేది.

తొమ్మిదో రోజు ఒక గడ్డి దుబ్బు ఫొటో పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. కూర్చుని ఎదురుచూశాను. తర్వాత ఒక ఫొటో వచ్చింది. దిండుకి ఆనుకుని కూర్చున్న కూతురు, ఒక చేతిలో పసిబిడ్డ, రెండో చేతిలో చెంచా, ఒళ్లో పాలు కలిపిన ఆకు కూర గిన్నె. గిన్నె సగం ఖాళీగా ఉంది. కింద ఆవిడ రాసింది:

"ఇక ఫొటోలు పంపొద్దు బ్రదర్. మీరు పీకారంటే అది కలుపే."

నేను ఆ మాట మళ్లీ మళ్లీ చదువుకున్నాను. పక్క మడిలో ఎవరో ఉన్నారు, అయినా కళ్లద్దాలు తీసి ఏడ్చాను. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ గడ్డి దుబ్బుని పట్టుకుని, ఎవరినీ అడక్కుండా పీకాను.